గడప అవతలి వాన

పట్టుపురుగులు ఆకు తినేటప్పుడు వాన కురిసినట్టు ఉంటుంది. నాలుగో జ్వరం లేచిన పురుగులైతే మరీను. ఒళ్ళు మార్చుకునే ముందు పురుగు మేత మానేసి, తల పైకెత్తి, ఏదో వింటున్నట్టు కదలకుండా ఉండిపోతుంది. దాన్నే అక్కడి వాళ్ళు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగు లోకంలోని ఆకంతా తనకే అన్నట్టు తింటుంది. అప్పుడు పురుగుల ఇంట్లో నిలబడితే పైన కప్పు మీద కాదు, పక్కనే, మోచేతి ఎత్తున వాన పడుతుంది.

కెంచార్లహళ్ళి లక్ష్మీదేవమ్మ ఆ వానను మూడేళ్ళుగా గడప ఇవతలి నుంచే వింటోంది.

ఆమె పుట్టింది బాగేపల్లి దాటి ఆంధ్ర ఎల్లకు దగ్గరగా ఉన్న చాకవేలులో. వాళ్ళది శెనక్కాయ చేను. పురుగులంటే ఆకుకూరలో కనబడితే విదిలించి పారేసేవి, అంతే. చింతామణి పక్కనున్న కెంచార్లహళ్ళికి కోడలిగా వచ్చాక అత్త ఆమె అరచేతిలో ఒక పురుగును పెట్టింది. తడి గుడ్డ కొసలా చల్లగా ఉంది. అరుస్తుందేమోనని అత్త చూసింది. లక్ష్మీదేవమ్మ అరవలేదు. పురుగు కూడా పారిపోవాలని చూడలేదు. ఇద్దరూ ఒకరి చల్లదనాన్ని ఒకరు చూసుకున్నట్టు కాసేపు అలాగే ఉన్నారు.

తరువాత ఊరు ఆమెది చల్లని చెయ్యి అంది. కొత్త పురుగులు తెచ్చిన ఇంట్లో మొదటి ఆకు ఆమె చేతే వేయించేవాళ్ళు. తలకు నూనె లేకుండా, పూలు తీసేసి, గడప దగ్గర పరిచిన సున్నంలో పాదాలు అద్దుకుని లోపలికి వెళ్ళేది. పురుగు చాలా సున్నితం. తడి ఆకు దానికి పడదు, బీడీ వాసన పడదు, అత్తరు పడదు. పక్క టమాటా తోటలో మందు కొట్టి వచ్చిన మనిషి గాలి కూడా పడదు. మనిషి తన ఒంటి మీద ఏం మోసుకొచ్చాడో మనిషికంటే ముందు పురుగుకే తెలుస్తుంది. ఈ సంగతి అక్కడ పిల్లలకు కూడా తెలుసు.

మూడేళ్ళ కిందట ఆమెకు పెద్దపేగు కొసన క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ ఇచ్చారు. దాన్ని ఆ ఊళ్ళలో కరెంటు పెట్టడం అంటారు. ఆపరేషన్ చేసి, పేగును పొట్ట మీదికి తెచ్చి, అక్కడ సంచి తగిలించారు. సంచితో బతకడం నేర్చుకోవడానికి ఒక కాలం పట్టింది. మొదట అసహ్యం వేసింది. తరువాత అదీ ఇంటి పనుల్లో ఒక పని అయింది.

కరెంటు ముగిసి, ఆపరేషన్‌కు ఇంకా గడువు ఉండగా, ఆమె ఇంటికి వచ్చింది. ఊళ్ళో నాలుగైదు ఇళ్ళు ఒకేసారి కొత్త పురుగులను తెచ్చాయి. అలవాటు ప్రకారం అన్ని ఇళ్ళలో మొదటి ఆకు ఆమే వేసింది. తన ఇంట్లో అయితే రోజూ ఓ పిడికెడు వేసింది. రేపో మాపో గూడు కట్టాల్సిన పురుగులు ఒళ్ళు ఉబ్బి, తోలు మెరిసి, ముట్టుకుంటే పాలు కారి చచ్చిపోయాయి. భర్త గోవిందప్ప గుంత తవ్వి, వాటిని పోసి, పైన సున్నం చల్లాడు. ఆమె వాకిట్లో నిలబడి చూసింది.  తరువాతి పంటకు ఆమె గడప దాటలేదు. ఆ పంట బాగా వచ్చింది. లక్ష్మీదేవమ్మ మనసులో తీర్పు అయిపోయింది.

అప్పటి నుంచి ఆకు కోసి తెచ్చి గడప మీదుగా అందిస్తుంది. ఇంట్లో వాళ్ళు దానికి ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. సంచి వాసన వస్తుందని ఆమె సిగ్గుపడుతోందని కోడలు మంజుశ్రీ అనుకుంది. నిలబడే ఓపిక లేదని గోవిందప్ప అనుకున్నాడు. కొడుకు చంద్రు ఏమీ అనుకోలేదు. అమ్మ బయట ఉంటుంది, అంతే. అడిగితే ఆమె నొచ్చుకుంటుందని అడగలేదు. ప్రేమతో పాటించిన మౌనం ఆ ఇంటికి ఇంకో గోడలా తయారైంది.

మళ్ళీ జబ్బు వచ్చిందని మొదట పట్టుకున్నది మంజుశ్రీనే. వాకిట్లో కూర్చుని ఆకు రెమ్మలు విడదీసేటప్పుడు అత్త ఒక పక్కకే ఒరిగి కూర్చుంటోంది. కాసేపటికి ఇంకో పక్కకు. తరువాత నిలబడే పని చేస్తోంది. చిక్కబళ్ళాపురంలో హైవే పక్కన ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు అంబుజాక్షి బాగేపల్లి మనిషి. వాళ్ళ తాతలు గుడిలో అర్చకులు. ఆమె నోట కూడా ఇదే తెలుగు. స్కాన్ చూసి, దాచకుండా చెప్పింది. పాత చోటనే, వెన్ను కొసన ఉన్న ఎముకను ఆనుకుని, నిమ్మకాయంత గడ్డ ఉంది. నేరుగా కోసి తీయాలంటే ఎముకకు అంటుకుని ఉంది. ముందు మళ్ళీ రేడియేషన్ ఇచ్చి దాన్ని కుదించాలి.

కాల్చిన చోటే మళ్ళీ కాల్చవచ్చా అని గోవిందప్ప అడిగాడు. ఒకప్పుడు వద్దనేవాళ్ళమని డాక్టరు ఒప్పుకుంది. ఇప్పుడు కొంచెం కొంచెంగా, పొద్దున ఒకసారి, ఆరు గంటలు ఆగి మళ్ళీ ఒకసారి ఇస్తారు. ఆ మధ్యలో మంచి కండ తేరుకుంటుంది. పేగు, మూత్రపు తిత్తి తప్పించి గడ్డ మీదికే గురి పెడతారు. ప్రమాదం లేదని చెప్పలేను, పుండు మానడం ఆలస్యం కావచ్చు, పేగుకు దెబ్బ తగలవచ్చు, కానీ ఇలాగే వదిలేస్తే నొప్పీ పెరుగుతుంది, గడ్డా పెరుగుతుంది అంది.

అంతా విని లక్ష్మీదేవమ్మ చెప్పిన మాట ఒకటే. "వద్దమ్మా."

ఎందుకు వద్దో చెప్పలేదు. ఇంటికి వచ్చాక చంద్రు కోప్పడ్డాడు, తరువాత బతిమాలాడు. గోవిందప్ప కోప్పడలేదు, అన్నం తినడం తగ్గించాడు. పక్కింటి కృష్ణప్ప వచ్చి, వయసులో బావిలో దూకి ఈత కొట్టిన దానివి, ఇప్పుడు మంచం మీద పడుకోవడానికి భయమా అని ఎగతాళి చేశాడు. ఆమె నవ్వి కాఫీ ఇచ్చి పంపింది. నొప్పి మాత్రం రోజూ కొంచెం కొంచెంగా కూర్చునే చోటును ఆక్రమిస్తూ వచ్చింది.

ఆ నెల ఎండలు ముదిరి పురుగులు అనుకున్నదానికంటే ముందే పండాయి. గూడు కట్టడానికి సిద్ధమైన పురుగు లోపల దీపం పెట్టినట్టు అవుతుంది. ఆకుపచ్చ పోయి తేనె రంగు వస్తుంది. మేత వదిలేసి తల ఎత్తి చోటు వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని ఏరి చంద్రికె మీద వేయాలి. చంద్రికె అంటే చాప మీద వెదురు పట్టీని చుట్టలు చుట్టలుగా కుట్టిన తడక. ఏరడం ఆలస్యమైతే పురుగు కాళ్ళ కింది చెత్తలోనే గూడు కట్టేస్తుంది. అలాంటి గూడు మరకపడి పనికిరాకుండా పోతుంది.

ఇంకొన్ని చంద్రికెలు బాడుగకు తేవడానికి తండ్రీ కొడుకులు చింతామణికి వెళ్ళారు. ఏరడానికి వచ్చే ఆడవాళ్ళు నాగరగెరెలో పెళ్ళికి పోయారు. లోపల మంజుశ్రీ ఒక్కతే. గడప ఇవతల లక్ష్మీదేవమ్మ.

"అత్తా, లోపలికి రాండి. నాకు చేతులు చాలడం లేదు."

"నువ్వే ఏరు మా. నేను రాను."

"సంచి గురించేనా? వాసనేమీ రాదు అత్తా. వచ్చినా నాకేమి, పురుగులకేమి?"

"సంచి గాదు మంజూ."

మంజుశ్రీ దోసిట్లో తేనె రంగు పురుగులు. వాటిని పట్టుకునే గడప దగ్గరికి వచ్చింది. అత్త ఒక అడుగు వెనక్కు వేసింది. భయపడిన మనిషి వేసే అడుగు కాదు. భయపెట్టకూడదని వేసే అడుగు.

"నా ఒంట్లో కరెంటు ఉండాది," అంది లక్ష్మీదేవమ్మ. "ఆ పొద్దు నేను ముట్టినందుకే అన్నీ పాలు కారి పొయినాయి. ఇంకోతూరి పెట్టించుకుంటే ఈ గడప కాడ నిలబడేదానికి గూడా ఉండదు నాకు. ఈ చప్పుడన్నా వినబడతాండాది ఇప్పుడు."

మంజుశ్రీ పురుగులను చంద్రికె మీద వదిలి వచ్చింది. తరువాత, మూడేళ్ళుగా మాకు వండి పెడుతున్నారు, మేము బాగానే ఉన్నాం కదా అంది.

"మీరు మనుషులు. పక్క తోటలో మందు కొడితే మనకు తుమ్ము గూడా రాదు. పురుగు చచ్చిపోతాది."

 ఆ సాయంత్రం మంజుశ్రీ ఆ మాటను అత్త ఎదుటే గోవిందప్పకు చెప్పింది. ఆ వేసవి పాలరోగం మన ఒక్క ఇంటికే వచ్చిందా, గంగాధరప్ప వాళ్ళవీ పోయాయి, కృష్ణప్ప వాళ్ళవీ పోయాయి, ఎండ ఉడుకుకు వచ్చిన రోగం అది అని అతను చెప్పాడు. లక్ష్మీదేవమ్మ చాలా మెల్లగా బదులిచ్చింది.

"వాళ్ళ ఇండ్లల్లో మొదటి ఆకు వేసింది ఎవురు?"

గోవిందప్ప తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె ఒక్క ఇంటి చావును కాదు, ఒక వీధి చావును మోస్తోందని అతనికి అప్పుడు తెలిసింది. ఇంట్లో వాళ్ళు ఏం చెప్పినా ఆమెకు అది ఓదార్పుగానే వినిపిస్తుంది. ఓదార్పును ఆమె నమ్మదు. మర్నాడు మంజుశ్రీ ఆమెను మళ్ళీ చిక్కబళ్ళాపురానికి తీసుకెళ్ళింది. చికిత్స గురించి కాదు, ఒంట్లో కరెంటు మిగిలి ఉంటుందా అనే ఈ ఒక్క మాట అడగడానికే అని ఒప్పించి.

అంబుజాక్షి నవ్వలేదు. టార్చి ఆర్పేస్తే గోడ మీద వెలుతురు ఉంటుందా, ఇదీ అంతే అని చెప్పింది.

"వెలుతురు ఉండదు," అంది లక్ష్మీదేవమ్మ. "ఎండలో పెట్టిన రాయి మాత్రం పొద్దు మునిగినా కాలతానే ఉంటాది గదమ్మా."

డాక్టరు కుర్చీలో కొంచెం ముందుకు వంగింది. ఇంతవరకు ఈమె భయపడుతోందని అనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తోందని తెలిసింది.

"ఒక మాట నిజమే," అంది. "మొదటిసారి తగిలింది నీ కండకు గుర్తుండాది. అందుకే రెండోతూరి ఇంత జాగ్రత్త పడేది. కానీ ఆ గుర్తు నీ లోపలే ఉంటాది. బయటికి రాదు. నీ నుంచి ఇంకొకరికి పోదు. పురుగుల రోగం గురించి నాకు తెలీదు, దాని గురించి చెప్పను. ఇది మాత్రం తెలుసు."

లక్ష్మీదేవమ్మ ఆ మాటను చేతిలోకి తీసుకుని చూసుకున్నట్టు కూర్చుంది. తెలియనిది తెలియదని చెప్పడం ఆమెకు నచ్చింది. చూసేదానికి ఏదన్నా ఉందా అని అడిగింది. ఉందని, మొదటి రోజు మిషను కింది నుంచి లేవగానే కొలిచి చూపిస్తామని అంబుజాక్షి చెప్పింది. అప్పటికి లక్ష్మీదేవమ్మ ఒప్పుకుంది ఆ ఒక్క రోజుకే.

ఆ రోజు టేబుల్ మీద పడుకోబెట్టి, కదలవద్దని చెప్పి ప్రమోద అనే టెక్నీషియన్ బయటికి వెళ్ళిపోయింది. బరువైన తలుపు మూసుకుంది. గదిలో సన్నటి ఎర్రని వెలుతురు గీతలు ఆమె మీద అడ్డంగా, నిలువుగా పడ్డాయి. మిషను మెల్లగా కదిలింది. ఒక పక్క నుంచి పైకి, పై నుంచి ఇంకో పక్కకు, చుట్టూ. గూడు కట్టే పురుగు కూడా ఇలాగే తలను అటూ ఇటూ తిప్పుతూ, కంటికి కనబడని దారాన్ని తన చుట్టూ తానే పోసుకుంటుంది. ఆమెకు మంట తెలియలేదు, నొప్పి తెలియలేదు. తనను ఎవరో చాలా దూరం నుంచి ఓపికగా చుడుతున్నట్టు అనిపించింది.

లేవగానే నందీశ్ వచ్చాడు. రేడియేషన్ ఎంత, ఎక్కడ అని లెక్క వేసే ఫిజిసిస్టు అతను. చేతిలో చిన్న పెట్టె. ఒంటి లోపల రేడియేషన్ ఉంటే అది టిక్కుటిక్కుమంటుందని చెప్పాడు. ఆమె పొట్ట దగ్గర పెట్టాడు. పెట్టె చాలాసేపు ఊరుకుని ఒక్కసారి టిక్కుమంది. ఆమె మొహం తెల్లబోయింది.

"అది నీది కాదమ్మా," అన్నాడు నందీశ్. పెట్టెను ఆమెకు దూరంగా, ఖాళీ కుర్చీ దగ్గర పెట్టాడు. అక్కడా అలాగే, ఎప్పుడో ఒక టిక్కు. బయటికి తీసుకెళ్ళి వరండాలో పరిచిన గ్రానైట్ బండ మీద పెట్టాడు. అక్కడ కొంచెం ఎక్కువ పలికింది. రాతిలో పుట్టుకతోనే అంత ఉంటుందని, దూరాన కనబడే ఆ నంది బెట్ట కొండలోనూ ఉంటుందని, దానివల్ల ఎవరికీ ఏమీ కాదని చెప్పాడు.

లక్ష్మీదేవమ్మ బండను చూసింది. దూరాన మబ్బు కింద పడుకున్న కొండను చూసింది.

"మా పురుగులింట్లో నేలంతా బండలే గదప్పా," అంది.

"ఆ బండల మీద పంటలు రాలేదా?"

 ఆమె పెట్టెను మళ్ళీ ఒకసారి తన పొట్ట దగ్గర పెట్టమంది. పెట్టాడు. పెట్టె ఊరుకుంది. ఆ నిశ్శబ్దం వినడానికి ఆమె ఊపిరి బిగబట్టింది. తరువాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని మంజుశ్రీ దగ్గరికి వచ్చింది. ఆమె నవ్వుతోంది.

"నాకంటే మీ బండే ఎక్కువ మాట్లాడతాండాది."

తరువాతి రోజులు చిక్కబళ్ళాపురంలోనే గడిచాయి. ఆసుపత్రికి దగ్గరలో ఒక గది తీసుకున్నారు. ప్రతిసారీ ముందు నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని పడుకోవాలి. తిత్తి నిండితే పేగు పైకి జరిగి దెబ్బ తప్పించుకుంటుంది. కష్టమా అని ప్రమోద అడిగితే, బస్సుల్లో తిరిగే ఆడవాళ్ళకు అదేమి కొత్త అంది. కదలకుండా ఎలా పడుకుంటున్నావని అడిగితే, జ్వరంలో ఉన్న పురుగును చూసి నేర్చుకున్నానంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ నడుమ ఆరు గంటలు ఆ గదిలో గోవిందప్ప గురక పెట్టేవాడు. ఆమె కిటికీలోంచి కొండ మీద మబ్బు నీడ జరగడం చూసేది. నా లోపల మంచి కండ ఇప్పుడు తేరుకుంటోంది అనుకునేది. ఆ పని కనబడదు, వినబడదు. అయినా జరుగుతోందని ఆమెకు నమ్మకం. జ్వరంలో పురుగు తోలు కింద జరిగే పనీ అంతే కదా.

తేలిగ్గా మాత్రం పోలేదు. తోలు కమిలింది. మూత్రం మండింది. దాంతో పాటు ఇచ్చిన మాత్రలకు అరచేతులు ఎర్రబడి పొట్టు లేచాయి. చివరి రోజుల్లో నడిచే ఓపిక లేక గోవిందప్ప భుజం పట్టుకుంది. పెళ్ళినాడు పట్టుకోలేదు ఇంత గట్టిగా అని అతను అంటే, అప్పుడు నువ్వు ఇంత గట్టిగా లేవని బదులిచ్చింది. వద్దనే మాట ఆమె మళ్ళీ అనలేదు.

కొన్ని వారాలు పోయాక తీసిన స్కాన్‌లో గడ్డ ముడుచుకుని ఎముకను వదిలింది. కత్తికి దారి దొరికింది. ఆపరేషన్ జరిగింది. డాక్టరు ముందే చెప్పినట్టు పుండు మానడానికి చాలా కాలం తీసుకుంది. కానీ మానింది. తీసిన ముక్క అంచుల్లో జబ్బు లేదని పరీక్షలో తేలిన రోజు అంబుజాక్షి ఆ మాటను కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. చూపించుకోవడానికి మాత్రం వస్తూనే ఉండాలంది. వస్తానని లక్ష్మీదేవమ్మ చెప్పి, అక్కడే కుర్చీలో రెండు పక్కలా సమంగా కూర్చుని చూపించింది.

ఇంట్లో మళ్ళీ కొత్త పురుగులు వచ్చాయి. అందరూ ఆమె గడప దాటుతుందనుకున్నారు. ఆమె ఒక తట్టలో కొన్ని పురుగులను వేసి వాకిట్లోకి ఇమ్మంది. పెట్టె మీద నమ్మకం లేక కాదు. పురుగు నోట కూడా వినాలని. వాకిట్లో, చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెల్లో కాళ్ళు పెట్టిన బల్ల మీద ఆ తట్టను ఉంచుకుంది. పొట్టు లేచి కొత్త తోలు వచ్చిన చేతులతో ఆకు సన్నగా తరిగి వేసింది. తల దగ్గరే పెట్టుకుని మధ్యాహ్నాలు పడుకుంది. పురుగులు మొదటి జ్వరం దాటాయి. రెండోది దాటాయి. ఇంట్లో ఎవరూ తట్ట వైపు చూడనట్టు నటించేవాళ్ళు. చంద్రు మాత్రం ఏదో ఒక పనిపెట్టుకుని వాకిట్లోకి వచ్చి పోయేవాడు.

నాలుగో జ్వరం లేచిన పొద్దున ఆమె లేత ఎండలో ఆకు పరిచి పక్కన కూర్చుంది. ముందు ఏమీ లేదు. తరువాత ఎక్కడో ఒక మూల చిన్నగా మొదలైంది. తుంపర. చెవి దగ్గర పెడితేనే వినిపించే తుంపర. ఒక్కటీ ఒళ్ళు ఉబ్బలేదు, ఒక్కటీ పాలు కారలేదు. తెల్లగా, బొద్దుగా, తలలు ఊపుతూ తింటున్నాయి.

ఆమె జడలో పువ్వు తీసి గోడ మీద పెట్టింది. సున్నంలో పాదాలు అద్దుకుంది. తట్టను రెండు చేతులా ఎత్తుకుని గడప దాటింది.

లోపల చల్లగా ఉంది. అరల మీద నుంచి వాన పెద్దగా కురుస్తోంది. తట్టలోని తుంపర ఆ వానలో కలిసిపోయి ఏది ఎక్కడిదో తెలియకుండా పోయింది. మంజుశ్రీ చేతిలో కొమ్మతో అలాగే నిలబడింది. గోవిందప్ప తలుపు బయటే ఆగిపోయాడు. లక్ష్మీదేవమ్మ తట్టను అర మీద పెట్టి, పక్క అరలోంచి ఒక ఆకు తీసి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"ఇది ఎవురు కోసింది? మంచు ఆరకముందే కోసినారు. తడి ఉండాది."

తలుపు వెనక చంద్రు చప్పుడు చేయకుండా జారుకున్నాడు.